అన్నయ్య ఇత్తడి గుల్లలు, నాన్నమ్మ చింతపండు

సంక్రాంతి సెలవుల్లో ఇంట్లో ఉండగా, డల్లాస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ప్లాస్టిక్ టబ్బు నిండా నల్లబడిపోయిన ఇత్తడి గొట్టాలు. కింద మెసేజీ: "ఒరేయ్, నువ్వు మెకానికల్ కదా. వీటిని తోమడానికి మొక్కజొన్న బెండు పొడి మంచిదా, అక్రోటు పెంకు పొడి మంచిదా, స్టీలు పిన్నులా? ఇక్కడ ఒక్కొక్కళ్లు ఒక్కోటి చెప్తున్నారు."

నేనేదో గ్యాస్ ఫిట్టింగులనుకున్నా. "కాదురా, తూటా గుల్లలు" అన్నాడు.

గ్రీన్‌కార్డు వచ్చాక అన్నయ్య షూటింగ్ రేంజికి వెళ్లడం మొదలుపెట్టాడు. అమెరికాలో ఈ సరదా ఉన్నవాళ్లు చాలామంది, కాల్చాక కింద పడ్డ ఖాళీ గుల్లల్ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్లీ నింపుకుంటారు. దాన్ని రీలోడింగ్ అంటారు. మన దగ్గర లైసెన్సు లేకుండా తూటా చేతిలో ఉండటమే నేరం కాబట్టి, ఇది ఎవరూ చేసి చూడటానికి రాస్తున్నది కాదు. కానీ ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతూ పోతే మెటలర్జీ, మెకానికల్ ఆపరేషన్స్, కెమిస్ట్రీ అన్నీ వరసగా తగిలాయి. చివరికి, ఫొటోలో ఒక మూలన నేను ముందు పట్టించుకోని వస్తువే అసలు సంగతని తేలింది. అది చివర్లో చెప్తా.

ముందు గుల్ల సంగతి

మనం మొత్తాన్నీ కలిపి బులెట్ అనేస్తాం గానీ తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందుకు దూసుకెళ్లే గుండు, దాని వెనక మందు, ఆ మందుని అంటించే ప్రైమర్, వీటన్నిటినీ పట్టుకుని ఉండే ఇత్తడి గుల్ల. కాల్చినప్పుడు మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ పేలిపోతుంది. మిగిలేది గుల్ల ఒక్కటే. మొత్తంలో ఖరీదైన భాగం కూడా సాధారణంగా అదే.

మన కాలేజీ ఎన్‌సీసీ వాళ్లు ఫైరింగ్ అయ్యాక ఖాళీ గుల్లలు ఏరి లెక్క అప్పజెప్పి ఉంటారు. ఆ .22 గుల్లలు మళ్లీ నింపడానికి పనికిరావు. వాటిలో ప్రైమర్ మందు అడుగు అంచులోనే ఉంటుంది. పిన్ను కొట్టగానే ఆ అంచు నొక్కుకుపోతుంది, ఇక దాని పని అయిపోయినట్టే. అన్నయ్యవి 9 ఎం.ఎం. వాటిలో ప్రైమర్ అడుగు మధ్యలో ఒక చిన్న గుంటలో విడిగా కూర్చుంటుంది. పాతది తీసి కొత్తది పెట్టొచ్చు.

ఈ గుల్లని 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉన్న ఇత్తడితో చేస్తారు. ఈ మిశ్రమం పేరే కార్ట్రిడ్జ్ బ్రాస్. దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. పేలినప్పుడు గుల్ల ఉబ్బి ఛాంబర్ గోడకి అతుక్కుని వాయువు వెనక్కి రాకుండా మూసేయాలి. మరుక్షణం కొంచెం వెనక్కి ముడుచుకుని బయటికి రావాలి. సాగే గుణం, స్ప్రింగు గుణం రెండూ కావాలి. 9 ఎం.ఎం. తూటాకి అనుమతించిన గరిష్ఠ పీడనం 35,000 పీఎస్ఐ. మన కారు టైరులో ఉండేది 32, 33. అంటే టైరుకి వెయ్యి రెట్లు! .308 లాంటి రైఫిల్ తూటాల్లో అది 62,000 దాకా పోతుంది. ఆ పీడనాన్ని వెనకవైపు ఆపి ఉంచేది ఈ పల్చటి ఇత్తడి. కాల్చేవాడి మొహం దానికి జానెడు దూరంలో ఉంటుంది.

అందుకే అన్నయ్యని మొదట ఒక్కటే అడిగా: "అసలు ఎందుకు తోమాలి?"

"మెరవాలి కదరా" అన్నాడు.

మెరుపుకి రీలోడింగ్‌లో పెద్ద పని లేదు. ఉబ్బిన గుల్లని మళ్లీ పాత కొలతకి తేవడానికి గట్టి స్టీలు డైలోకి నొక్కుతారు. గుల్ల మీద ఇసుక రేణువు గానీ మసి పెళ్ల గానీ ఉంటే అది డై లోపల గీత పడేస్తుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి గుల్ల మీదా అదే గీత. ఇది మొదటి కారణం. రెండోది తనిఖీ. మూతి దగ్గర సన్నటి పగులు గానీ, అడుగుకి కాస్త పైన చుట్టూ మెరిసే సన్నని గీత గానీ కనిపిస్తే ఆ గుల్ల పారేయాలి. ఆ గీత ఉందంటే అక్కడ లోహం సాగి పల్చబడుతోందని అర్థం. మసి ఉంటే ఇవేవీ కనపడవు. కాబట్టి కావలసింది రెండు: డై పాడవకుండా ఉండటం, పగులు కంటికి కనపడటం.

నాన్నమ్మ పంపు దగ్గర

ఈ మాటలు నడుస్తుండగా పెరట్లో నాన్నమ్మ పండక్కి ఇత్తడి బిందెలు తోముతోంది. చింతపండు, ఇటుక పొడి, కొబ్బరి పీచు. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే గానీ, ఆ రోజు మూడూ మూడు వేర్వేరు పనులు చేస్తున్నాయని గమనించా.

కొబ్బరి పీచు వాహకం. చెయ్యి ఒత్తిడిని బిందె వంపుల్లోకి తీసుకెళ్తుంది, వచ్చిన మురికిని పట్టుకుంటుంది. ఇటుక పొడి రాపిడి. పైపొరని గీకుతుంది. చింతపండు రసాయనం. అందులోని టార్టారిక్ ఆమ్లం నల్లటి ఆక్సైడు పొరని కరిగిస్తుంది. చింతపండు పెట్టి మర్చిపోతే ఏమవుతుందని అడిగితే, "ఎర్రబడిపోద్ది, మళ్లీ తోముకోవాలి" అంది. ఆ ఎరుపునే మన పుస్తకాల్లో డీజింకిఫికేషన్ అంటారు. ఆమ్లం ఎక్కువసేపు ఉంటే ఇత్తడి పైపొర నుంచి జింకు కరిగి పోయి, రాగి మిగిలి గులాబీ రంగు తేలుతుంది.

టంబ్లర్ అనేది నాన్నమ్మ చెయ్యికి మోటారు పెట్టడమే. గిన్నెలోనో డ్రమ్ములోనో గుల్లల్ని, తోమే పదార్థాన్ని కలిపి గంటల తరబడి కదుపుతారు. ఆ తోమే పదార్థాన్నే మీడియా అంటారు. ఏ మీడియా అయినా ఈ మూడు పనుల్లో ఏది ఎంత చేస్తుందో చూస్తే సగం గందరగోళం పోతుంది.

హాస్టల్లో నాలుగు డబ్బాలు

సెలవులయ్యాక హాస్టల్లో ఒక చిన్న ప్రయోగం చేశాం. లేత్ ప్రాక్టికల్లో మిగిలిన ఇత్తడి ముక్కలు నాలుగు తీసుకుని, ఒక్కోదానికి 3 మిల్లీమీటర్ల రంధ్రం వేసి, మంట మీద నల్లబరిచాం. నాలుగు ప్లాస్టిక్ డబ్బాల్లో నాలుగు రకాలు: ఇసుక, ఊక, మెస్సు బియ్యం, సబ్బు నీళ్లలో సైకిల్ బేరింగ్ గోళీలు. రూములో నలుగురం తలా ఒక డబ్బా పట్టుకుని అరగంట ఊపాం.

ఇసుక పది నిమిషాల్లో నలుపంతా లాగేసింది. కానీ ముక్క మసకబారిపోయింది. మెటలర్జీ ల్యాబులో మైక్రోస్కోపు కింద పెడితే దున్నిన పొలంలా ఉంది. ఊక మెత్తగా ఉంటుందనుకున్నాం, అదీ సన్నగా గీతలు పెట్టింది. ఊకలో దాదాపు 15 నుంచి 20 శాతం సిలికా ఉంటుందని తర్వాత గుర్తొచ్చింది. బియ్యం జిడ్డు తీసింది గానీ నలుపు జోలికి పెద్దగా పోలేదు, పైగా నూకయ్యి రంధ్రంలో ఇరుక్కుంది. గోళీలు పైన బాగా మెరిపించాయి, రంధ్రం లోపల మాత్రం అలాగే నల్లగా ఉంది. గోళీ రంధ్రంకన్నా పెద్దది, లోపలికెలా పోతుంది? మర్నాడు పొద్దున చూస్తే గోళీలన్నీ తుప్పు పట్టాయి.

ఈ అరగంటలోనే మీడియా ఎంపికకి కావలసిన ప్రశ్నలన్నీ దొరికాయి. ఇత్తడిని గీసేంత గట్టిదా? లోపలికి వెళ్లే సైజేనా? లోపలే ఇరుక్కుపోతుందా? నీళ్లకి తట్టుకుంటుందా? వీటితో అన్నయ్య అడిగిన మూడింటినీ చూద్దాం.

మూడు మీడియాలు

మొక్కజొన్న బెండు: గింజలు ఒలిచాక మిగిలే బెండుని ఎండబెట్టి, దంచి, జల్లించిన రవ్వ ఇది. మెత్తగా ఉంటుంది, జిడ్డుని పీల్చుకుంటుంది. కాస్త పాలిష్ కలిపితే మంచి నిగారింపు ఇస్తుంది. గట్టి మరకల మీద నెమ్మది. అంటే పీచు పని ఎక్కువ, ఇటుక పొడి పని తక్కువ. రవ్వ లావుగా ఉంటే ప్రైమర్ గుంటకీ గుల్లకీ మధ్య ఉండే చిన్న రంధ్రంలో, మా నూక లాగే, ఇరుక్కుంటుంది. అందుకే రీలోడింగ్ చేసేవాళ్లు సన్నగా ఉండే 20/40 మెష్ రవ్వని ఇష్టపడతారు.

అక్రోటు పెంకు: ఇది బెండుకన్నా గట్టిది, కోణాలుగా విరుగుతుంది, కాబట్టి మరకల్ని త్వరగా కోస్తుంది. మెరుపు కాస్త తక్కువ. దీన్నే అమెరికాలో పెంపుడు బల్లుల తొట్లలో పరచడానికి సంచుల్లో అమ్ముతారు. తెలివైనవాళ్లు ఆ సంచి కొనుక్కొచ్చి టంబ్లర్లో పోస్తారట! కొన్ని రకాలకి కంసాలులు వాడే ఎర్ర రూజ్, అంటే ఐరన్ ఆక్సైడు, ముందే పట్టించి అమ్ముతారు. పని బాగా చేస్తుంది గానీ గుల్లలకీ చేతులకీ ఎర్ర దుమ్ము వదలదు.

ఈ రెండూ పొడి మీడియాలు. కంపించే గిన్నెలో రెండు నుంచి నాలుగు గంటలు వేస్తే చాలు, ఆరబెట్టే పని లేదు. కాకపోతే గుల్ల లోపలా ప్రైమర్ గుంటలోనూ మసి చాలావరకు అలాగే ఉంటుంది.

స్టీలు పిన్నులు: సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, 6.5 మిల్లీమీటర్ల పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కలు. గోళీ చేరలేని మూలల్లోకి ఇవి చేరతాయి. తుప్పు పట్టవు. వీటిని నీళ్లలో, తిరిగే డ్రమ్ములో వాడతారు. 15 పౌండ్లు పట్టే డ్రమ్ముకి ప్రసిద్ధమైన లెక్క ఒకటుంది: 5 పౌండ్ల పిన్నులు, 2 పౌండ్ల గుల్లలు, ఒక గ్యాలన్ నీళ్లు. అందులో గిన్నెలు తోమే సబ్బు ఒక చెంచా, నిమ్మ ఉప్పు పావు చెంచా. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం, నాన్నమ్మ చింతపండుకి చుట్టం. పావు చెంచా దాటిస్తే గులాబీ రంగు తేలే ప్రమాదం ఇక్కడా ఉంది.

స్టెయిన్‌లెస్ 304 అయస్కాంతానికి అంటదని చదువుకున్నాం కదా. ఈ పిన్నులు మాత్రం అంటుకుంటాయి. తీగగా లాగేటప్పుడు జరిగే కోల్డ్ వర్కింగ్ వల్ల కొంత ఆస్టెనైటు మార్టెన్‌సైటుగా మారిపోతుంది. దానివల్ల ఒక లాభం: తోమాక అయస్కాంతంతో పిన్నులన్నీ ఏరేయొచ్చు. ఏరడం తప్పనిసరి కూడా. గుల్లలో ఒక్క పిన్ను ఉండిపోయినా తర్వాత అది తుపాకీలో పడుతుంది.

పిన్నులకీ చిక్కులున్నాయి. ఒకటి, గుల్లలు గంటల తరబడి ఒకదానికొకటి కొట్టుకుంటే మూతి అంచు సుత్తితో కొట్టినట్టు దొప్పదేలుతుంది. కాబట్టి గంట, గంటన్నర చాలు. రెండు, ఆరబెట్టాలి. టెక్సస్ ఎండ ఉంటే సరే. కొందరు ఓవెన్లో పెడతారు, అదైతే 100 డిగ్రీల లోపే ఉండాలి. వేడి 250 డిగ్రీలు దాటిపోతే, సమయాన్ని బట్టి, కోల్డ్ వర్కింగ్‌తో వచ్చిన గట్టిదనం పోతుంది. గుల్ల అడుగు మెత్తబడితే ఆ 35,000 పీఎస్ఐని ఆపేదెవరు?

డ్రమ్ము ఎంత వేగంగా తిరగాలో కూడా అన్నయ్య అడిగాడు. బాల్ మిల్లు చాప్టర్ గుర్తుందా? 42.3ని, మీటర్లలో డ్రమ్ము వ్యాసానికి వర్గమూలం తీసి భాగిస్తే క్రిటికల్ స్పీడు వస్తుంది. 20 సెంటీమీటర్ల డ్రమ్ముకి నిమిషానికి దాదాపు 95 చుట్లు. ఆ వేగంలో లోపలున్నవన్నీ గోడకి అతుక్కుని తిరుగుతాయే తప్ప ఒకదాని మీద ఒకటి దొర్లవు. దొర్లకపోతే తోమడం లేదు. కాబట్టి దానికి బాగా తక్కువలో తిప్పాలి. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఒకరి గ్యారేజీలో పనికొచ్చింది.

గుర్రపుశాలలో తూటాలు

ఇదంతా చెప్తుంటే అన్నయ్య మధ్యలో అన్నాడు: "పోయిన నెల ఒక రెండొందల గుల్లలకి బెండు పొడిలో ఇంట్లో ఉన్న బ్రాస్ పాలిష్ కలిపేశా. భలే మెరిశాయి." ఏ పాలిష్ అని అడిగి లేబుల్ ఫొటో పంపించుకున్నా. అందులో అమోనియా ఉంది.

ఇక్కడ మన దేశం కథ ఒకటి చెప్పాలి. బ్రిటిష్ వాళ్ల కాలంలో భారతదేశంలో సైన్యం వానాకాలం నాలుగు నెలలూ తూటాల్ని గుర్రపుశాలల్లో దాచేది. వానలు వెలిశాక తీసి చూస్తే కొన్ని గుల్లలు వాటంతటవే పగిలి ఉండేవి. ఎవరూ కాల్చలేదు, కొట్టలేదు. రుతువుని బట్టి వస్తోంది కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు పరిశోధకులు కారణం వివరించారు: గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమోనియా, చల్లగా లాగి తయారు చేసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన ఒత్తిళ్లు, ఈ రెండూ కలవడం. రాగి లవణానికి అమోనియా కలిపితే ముదురు నీలం రంగు రావడం ఇంటర్ ల్యాబులో చూశాం కదా. అదే చర్య ఇక్కడ లోహపు రేణువుల సరిహద్దుల వెంట మెల్లగా జరుగుతుంది, లోపలి ఒత్తిడి ఆ పగులుని తెరుస్తూ పోతుంది. తయారీలో ఒత్తిళ్లు పోయేలా వేడి చేయడం దానికి విరుగుడు అయింది.

కాల్చిన గుల్ల ఒకసారి ఉబ్బి, డైలో నొక్కబడి, మళ్లీ ఉబ్బుతుంది. ప్రతిసారీ కొత్త ఒత్తిళ్లు. దానికి అమోనియా తగిలించడం అంటే వానాకాలపు గుర్రపుశాలని గ్యారేజీకి తెచ్చుకోవడమే. ఒక్కసారి తగిలినంత మాత్రాన పగిలి తీరుతుందని కాదు. కానీ పగులు మొదలైతే మొదట్లో కంటికి కనపడదు. ఆ రెండొందలూ నొక్కేసి తుక్కులో వేయమన్నా. గొణిగాడు గానీ వేశాడు.

ఫొటో మూలన

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతి. టబ్బు ఫొటోని లేబుల్ కోసం వెతుకుతూ పెద్దది చేసి చూశా. వెనకాల గోడ దగ్గర చిన్న మూడు చక్రాల సైకిల్. అన్నయ్య కూతురిది. దానికి రెండేళ్లు. సైకిల్ సీటు మీద సన్నటి బూడిద రంగు దుమ్ము.

చాలా ప్రైమర్లలో పేలే పదార్థం లెడ్ స్టిఫ్నేట్. కాల్చినప్పుడు ఆ సీసం మసితో పాటు గుల్ల లోపల అతుక్కుంటుంది. పొడి మీడియాలో వేసి తోమితే ఆ మసి అంతా బెండు పొడిలోకి వస్తుంది. తర్వాత గుల్లల్ని వేరు చేయడానికి జల్లెడ పడతారు. అన్నయ్య ఆ జల్లెడ గ్యారేజీలో, తలుపు మూసి పడుతున్నాడు. బయట గాలికి పొడి ఎగిరిపోతోందని.

పిల్లల ఒంట్లోకి పెద్దవాళ్లకన్నా ఎక్కువ శాతం సీసం ఇంకుతుంది, ఎదిగే మెదడు మీద పడుతుంది. ఇంత వరకు పరవాలేదు అనగలిగే స్థాయి అంటూ లేదు. అమెరికా సీడీసీ 2021లో పిల్లల రక్తంలో సీసానికి పెట్టుకున్న హెచ్చరిక గీత డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాములు! నేల మీద పాకే, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లకి ఆ సీటు మీద దుమ్ము చిన్న విషయం కాదు.

ఆ రాత్రి మెసేజీ పెట్టకుండా ఫోనే చేశా. అన్నయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. వదిన ఫోను తీసుకుని, "టెస్టుకి ఎక్కడికి తీసుకెళ్లాలి, పిల్లల డాక్టరు చాలా?" అని మాత్రం అడిగింది. చాలు అన్నా. వారం తర్వాత రిపోర్టు 3.5 లోపే వచ్చింది. ఆ వారం నాక్కూడా సరిగ్గా నిద్ర పట్టలేదు.

చివరికి ఏం ఎంచుకున్నాం

అన్నయ్య ఇంటికి తడి పద్ధతే సరైంది. పిన్నులు ఎక్కువ మెరిపిస్తాయని కాదు, తడిలో దుమ్ము లేవదని. గంటన్నర, సబ్బు, పావు చెంచా నిమ్మ ఉప్పు, అమోనియా సున్నా. ఆ నీళ్లలో సీసం ఉంటుంది కాబట్టి పెరట్లో మొక్కలకి పోయకూడదు. విడిగా పట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వాలి. గుల్లలు ఆరబెట్టడానికి వంట ఓవెన్ వాడకూడదు. ఆ పనికి వేసుకున్న బట్టలు విడిగా ఉతకాలి. చేతులు సబ్బుతో కడిగాకే పాపని ఎత్తుకోవాలి.

ఇంట్లో చిన్నపిల్లలు లేని, ఆరుబయట పనిచేసుకునే మనిషికి బెండు పొడి కూడా మంచి ఎంపికే. ముక్కకి ముట్టే ఒత్తిడి తక్కువ, ఆరబెట్టక్కర్లేదు. మాస్కు పెట్టుకుని, నాలుగు టిష్యూ ముక్కలు అందులో వేస్తే అవి కొంత దుమ్ముని పట్టుకుంటాయి. పొడి బూడిద రంగుకి తిరగగానే మార్చేయాలి. అక్రోటు పెంకు బాగా మరకలు పట్టిన గుల్లలకి. ఇసుక, ఊక మాత్రం ఎవరికీ వద్దు. మా డబ్బాలు సాక్ష్యం.

మీడియా కొనేటప్పుడు సంచి మీద మెష్ నంబరు చూస్తాం, ధర చూస్తాం. ఆ మసి ఎక్కడి నుంచి వచ్చింది, తోమాక ఎక్కడికి పోతుంది అన్నది సంచి మీద రాసి ఉండదు. మన ఫైనలియర్ ప్రాజెక్టుల్లో కూడా ప్రాసెస్ సెలెక్షన్ టేబుల్లో ఖర్చు, సమయం, సర్ఫేస్ ఫినిష్ అని గళ్లు గీస్తాం. ఇకమీదట నేను ఇంకో గడి కలుపుతా: వచ్చే మురికి ఎవరి మీద పడుతుంది?

మొన్న అన్నయ్య కొత్త ఫొటో పంపాడు. గుల్లలు మరీ మెరవడం లేదు గానీ శుభ్రంగా ఉన్నాయి. గ్యారేజీ నేల తడిగుడ్డతో తుడిచినట్టుంది. సైకిల్ ఇంట్లోకి మారింది. నాన్నమ్మకి చూపిస్తే కళ్లద్దాలు సర్దుకుని చూసి, "ఇంత చిన్న గ్లాసులు ఎవరు తాగడానికిరా?" అంది.